థీసిస్ అల్మారా తాళం ఎవరి దగ్గరుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో యూనివర్సిటీల్లో జరిగే పరిశోధనలన్నీ అందరికీ ఫ్రీగా చదువుకోడానికి దొరకాలని నాలుగు ముక్కలు రాశాను, దాన్నే ఓపెన్ యాక్సెస్ అంటారని కూడా చెప్పాను. ఇన్ని ఉత్తరాలొస్తాయని మాత్రం అనుకోలేదు. ముప్పై ఏళ్ళు యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసినదాన్ని కాబట్టి ఈ సంగతి నాకు చాలా దగ్గరిది. మా లైబ్రరీ వెనకాల ఒక గది ఉండేది, నీలం రెక్సిన్ బైండింగు, వెన్ను మీద బంగారు అక్షరాలు, వందల కొద్దీ థీసిస్‌లు, బీరువాకి తాళం, ఆ తాళం కోసం ఒక సంతకం, ఆ సంతకం పెట్టే ఆయన లీవులో ఉంటే పక్క జిల్లా నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లలు ఊరికే వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే. వచ్చిన వాటిల్లో ఆరు ప్రశ్నలు తీసుకున్నా, అడిగినవాళ్ళ పేర్లు వెయ్యట్లేదు.

మేడం, నాది వరంగల్, కెమిస్ట్రీలో పీహెచ్‌డీ, రెండు నెలల్లో సబ్మిషన్. సాఫ్ట్ కాపీ ఇవ్వాలి, శోధగంగలో పెడతాం అంటున్నారు లైబ్రరీ వాళ్ళు. సీనియర్లేమో అక్కడ పెడితే మన పని ఎవడో ఎత్తేస్తాడు, పేపర్లు రాకముందే అంతా పోతుంది అని భయపెడుతున్నారు. పెట్టకుండా తప్పించుకునే దారి ఏమన్నా ఉందా?

లేదు బాబూ, ఉన్నా నేను చెప్పను. యూజీసీ, అంటే యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ, 2009 లో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనల్లోనే థీసిస్ సాఫ్ట్ కాపీ ఇవ్వాలని ఉంది, అప్పుడు డిగ్రీ వచ్చాక ఇస్తే సరిపోయేది. 2016 లో మార్చి డిగ్రీ ఇవ్వకముందే ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కి పంపాలన్నారు, 2022 నిబంధనల్లో కూడా అదే ఉంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ అంటే గాంధీనగర్‌లో ఉండే యూజీసీ సంస్థ, థీసిస్‌లు పెట్టే శోధగంగ వెబ్‌సైట్ నడిపేది వాళ్ళే. దేశం మొత్తం మీద లక్షల థీసిస్‌లు అందులో ఉన్నాయి, మన ఉస్మానియా, ఆంధ్రా, కాకతీయ, వెంకటేశ్వర యూనివర్సిటీలవి కూడా. చదవడానికి లాగిన్ అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు.

ఇక దొంగతనం సంగతి. మీ సీనియర్లు చెప్పేదానికి ఉల్టా జరగడం నేను కళ్ళారా చూశాను. మా లైబ్రరీలోనే రెండు థీసిస్‌లు, రెంటికీ మధ్య ఏడేళ్ళ తేడా, ఒక చాప్టర్ మొత్తం అచ్చం ఒకటే, ఎంత ఒకటే అంటే మొదటిదాంట్లో ఉన్న అచ్చుతప్పులు రెండోదాంట్లో కూడా ఉన్నాయి. అది ఎలా బయటపడిందంటే రెండూ చెదలు పట్టి ఒకేరోజు బైండింగుకి తీశాం, మా అటెండర్ పేజీలు సర్దుతూ ఇదేంటమ్మా ఒకే పేజీ రెండు పుస్తకాల్లో ఉంది అన్నాడు. చెదలు పట్టకపోతే ఎవరికీ తెలిసేది కాదు. బీరువాలో ఉన్నదాన్ని కొట్టెయ్యడం తేలిక, ఎందుకంటే చూసేవాళ్ళుండరు. నీ పేరు, తారీకు, యూనివర్సిటీ పేరుతో సహా నెట్లో ఉన్నదాన్ని కాపీ కొడితే సాఫ్ట్‌వేరే పట్టేసుకుంటుంది. యూజీసీ 2018 ప్లేజరిజం రూల్స్, అంటే కాపీ కొట్టడం మీద రూల్స్, చూడు, 10 శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదు, 10 దాటి 40 దాకా ఉంటే సరిచేసి ఆరు నెలల్లోపు మళ్ళీ ఇవ్వాలి, 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు సబ్మిట్ చెయ్యనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే క్యాన్సిల్. ఆ పోలిక ఎక్కడ పట్టాలి, ఇలా తెరిచి పెట్టిన థీసిస్‌ల్లోనే కదా. అంటే నీది అక్కడ ఉండటమే నీకు కాపలా.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. నీ పనిలో పేటెంట్‌కి పనికొచ్చేది ఏమన్నా ఉంటే ముందు పేటెంట్ అప్లికేషన్ వేసెయ్, తర్వాతే థీసిస్ బయట పెట్టు, ఎందుకంటే ముందే అందరికీ తెలిసిపోయినదానికి కొత్తదనం లేదని కొట్టేస్తారు. పేపర్లు ఇంకా జర్నల్ రివ్యూలో, అంటే వేరే నిపుణుల పరిశీలనలో, ఉంటే కొన్నాళ్ళు ఆపి తర్వాత తెరవమని గైడ్ సంతకంతో లెటర్ ఇవ్వొచ్చు, దాన్ని ఎంబార్గో అంటారు, మీ రీసెర్చ్ సెక్షన్‌లో అడుగు. ఆర్నెల్లో ఏడాదో అడగడం న్యాయం, పదేళ్ళు అడగడం కాదు. థీసిస్ నెట్లో ఉందని పేపర్ తీసుకోని జర్నల్స్ తక్కువే, అయినా నువ్వు పంపబోయే జర్నల్ పాలసీ ఒకసారి చదువుకో.

ఇంకో మాట కూడా విను. నీ థీసిస్‌లో ఫెయిలైన రియాక్షన్లు ఉంటాయి చూడు, ఏ సాల్వెంట్‌లో ఏం జరగలేదు, ఏ టెంపరేచర్ దగ్గర అంతా తారు ముద్ద అయిపోయింది, అవి ఏ జర్నలూ వెయ్యదు, అవి దొరికేది థీసిస్‌లోనే. వాటిని తీసెయ్యకుండా అపెండిక్స్‌లో అయినా ఉంచు, ఎక్కడో నీలాంటి ఇంకో పిల్లాడికి ఆరు నెలల కష్టం, కెమికల్స్ ఖర్చు మిగుల్తాయి.

అమ్మా, నేను మచిలీపట్నంలో రిటైరైన తెలుగు పండితుణ్ణి. బుర్రకథ మీద వ్యాసం రాస్తూ శోధగంగలో వెతికాను. తెలుగులో బుర్రకథ అని కొడితే ఏమంత రాలేదు. ఒక థీసిస్ దొరికింది గానీ అందులోంచి ఒక పేరా కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వచ్చాయి. నాకు కంప్యూటర్ రాకపోవడం వల్లేనా?

కాదు మాస్టారూ, తప్పు మీది కాదు. మీ ఉత్తరం చదివి నేను కూడా కూర్చుని వెతికాను, వెతికితే మొత్తం కథ అర్థమైంది.

మొదటిది, తెలుగు థీసిస్ అయినా సరే పేరు ఎక్కించేటప్పుడు చాలాచోట్ల ఇంగ్లీషు లిపిలోనే టైపు చేస్తారు. ఆ టైపు చేసే అబ్బాయికి ఎలా తోస్తే అలా. బుర్రకథని ఒకరు కలిపి రాస్తారు, ఇంకొకరు బుర్ర ఒక మాట కథ ఒక మాట చేస్తారు, థ దగ్గర ఒకరు టీ హెచ్ వేస్తారు, ఒకరు డీ హెచ్ వేస్తారు, చివర దీర్ఘం ఉన్నట్టు ఇంకో ఏ తగిలించేవాళ్ళూ ఉన్నారు. అన్ని రకాలుగానూ వెతకాలి. దానికన్నా మంచి దారి ఏంటంటే వెతకడం మానేసి నడవడం, అంటే శోధగంగ మొదటి పేజీలో యూనివర్సిటీల లిస్టు ఉంటుంది, అందులో ఆంధ్రా యూనివర్సిటీయో, నాగార్జునో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీయో తెరిచి, లోపల తెలుగు డిపార్ట్‌మెంట్ నొక్కి, ఉన్న పేర్లన్నీ వరసగా చూసుకుంటూ పోవడం. లైబ్రరీలో ర్యాకుల మధ్య తిరిగినట్టే. జానపదం, జానపద కళలు, కథాగానం, జంగం కథ, ఇలాంటి పేర్లున్న వాటిల్లో కూడా బుర్రకథ మీద ఒక చాప్టర్ ఉండే అవకాశం ఎక్కువ, పేరులో కనపడదంతే.

రెండోది, థీసిస్ ఒకే ఫైలుగా ఉండదు, ముక్కలు ముక్కలుగా ఉంటుంది, టైటిల్ ఒకటి, సర్టిఫికెట్ ఒకటి, ఒక్కో చాప్టర్ ఒక్కో పీడీఎఫ్. చాలామంది మొదటి ఫైలు తెరిచి అట్ట మాత్రమే ఉందని మూసేస్తారు. ముందుగా 80 అంకెతో మొదలయ్యే రికమండేషన్ అన్న ఫైలు తెరవండి, సాధారణంగా అందులో టైటిల్ పేజీ, చివరి చాప్టర్ కలిపి ఉంటాయి. ముగింపు చదివితే ఇది మనక్కావలసిందా కాదా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది.

మూడోది, ఆ పిచ్చి గుర్తులు. ఇది చెప్తుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఏళ్ళ తరబడి మన డీటీపీ సెంటర్లన్నీ అను ఫాంట్లలో టైపు చేశాయి, అచ్చుకి చాలా అందంగా ఉండేవి, ఇప్పటికీ వాడతారు. కానీ కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల మీద తెలుగు బొమ్మలు తొడిగినట్టు. అందుకే మీరు కాపీ చేసి పేస్ట్ చెయ్యగానే ఆ తొడుగు ఊడిపోయి డాలర్ గుర్తులు, టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, సగం సున్నాలు వచ్చాయి. మనిషి కంటికి కనపడుతుంది గానీ గూగుల్‌కి కనపడదు. ఇంకా పాతవైతే స్కాన్ చేసిన ఫొటోలు, వాటిల్లో అక్షరమే లేదు, బొమ్మ మాత్రమే. అంటే మన భాష మీద చేసిన పరిశోధన మన లిపిలో వెతికితే దొరకదు. తాళం తీశారు గానీ లోపల దీపం లేదు.

మీ పనికి ఒక చిట్కా చెప్తా. స్కాన్ పేజీ అయితే ఫోన్‌లో ఫొటో తీసి గూగుల్ లెన్స్ పెట్టండి, తెలుగు చాలావరకు చదివేస్తుంది, ఒత్తులూ గుణింతాలూ దిద్దుకోవాలి. అను ఫాంట్ పేరా అయితే అనుని యూనికోడ్‌కి, అంటే కంప్యూటర్‌కి కూడా తెలుగుగానే తెలిసే పద్ధతికి, మార్చే కన్వర్టర్లు నెట్లో ఫ్రీగా ఉన్నాయి, వాటిల్లో వేస్తే కొంత వస్తుంది, అదీ కుదరకపోతే దాన్ని కూడా ఫొటో తియ్యడమే.

ఇప్పుడు తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలకి చేతులు పట్టుకుని అడుగుతున్నా, యూనికోడ్‌లో టైపు చెయ్యండి తల్లీ, పోతన, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఫ్రీగా దొరుకుతున్నాయి. టైటిల్ రెండు లిపుల్లో ఇవ్వండి. కీవర్డ్స్‌లో పుస్తక భాష ఒకటే కాకుండా జనం అనే మాట కూడా వెయ్యండి. నాలుగైదేళ్ళు ఊళ్ళు పట్టుకు తిరిగి రాసింది, ఆఖర్న ఫాంట్ దగ్గర పోగొట్టుకోకండి.

అమ్మా నమస్కారం, మాది కర్నూలు జిల్లా ఆలూరు దగ్గర, వేరుశనగ, కంది వేస్తాం, వానాధారం. మా కోడలు ఫోన్లో తిక్క తెగులు గురించి వెతికితే ఒక రీసెర్చ్ పేపర్ వచ్చింది, తెరిస్తే ముప్పై చిల్లర డాలర్లు కట్టమంది. మా పంట గురించి మా దేశంలో చేసిన పరిశోధనకి మేం డాలర్లు కట్టాలా?

అన్నా, నువ్వడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న, పెద్ద పెద్ద మీటింగుల్లో కూడా దీని చుట్టూనే తిరుగుతారు. కట్టక్కర్లేదు. జీతాలు, ల్యాబులు, ప్లాట్లు అన్నీ మనం కట్టే పన్నుల మీద నడుస్తాయి, రాసిన సైంటిస్టుకి ఆ పేపర్ మీద పబ్లిషర్ ఇచ్చేది ఏమీ ఉండదు, రివ్యూ చేసేవాళ్ళు కూడా ఊరికే చేస్తారు, చివరికి గేటు దగ్గర టిక్కెట్టు మాత్రం పబ్లిషర్‌ది.

మీ కోడలికి ఈ మూడు చోట్లు చెప్పు. మొదటిది పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్. 1972 నుంచీ ఉంది, వాళ్ళు పని చేసేదే జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ లాంటి మెట్ట పంటల మీద. అది యూనివర్సిటీ కాకపోయినా వాళ్ళ సైంటిస్టుల పేపర్లని తమ సొంత ఓపెన్ యాక్సెస్ రిపాజిటరీలో పెట్టాలని 2009 లోనే నియమం చేసుకున్నారు, రిపాజిటరీ అంటే నెట్లో భోషాణం అనుకో, కాకపోతే మూత తెరిచే ఉంటుంది. రెండోది కృషికోశ్ అనే సైట్, మన గుంటూరు లాంలో ఉన్న రంగా యూనివర్సిటీ, హైదరాబాద్‌లో జయశంకర్ యూనివర్సిటీ లాంటి వ్యవసాయ యూనివర్సిటీల పిల్లలు ఎమ్మెస్సీ, పీహెచ్‌డీకి రాసిన థీసిస్‌లు అందులో చేరతాయి. కొన్ని పూర్తిగా తెరుచుకుంటాయి, కొన్నింటికి మొదటి పేజీలే వస్తాయి. మూడోది, డాలర్లు అడిగిన ఆ పేపర్ పేరే మళ్ళీ గూగుల్ స్కాలర్‌లో వేసి, కింద ఆల్ వెర్షన్స్ అని ఉన్న చోట నొక్కమను, అదే పేపర్ రచయిత ఎక్కడో ఫ్రీగా పెట్టి ఉండొచ్చు. లేకపోతే పేపర్ మొదటి పేజీలో రచయిత ఈమెయిల్ ఉంటుంది, సార్ మేం రైతులం, కాపీ పంపండి అని రెండు లైన్లు రాస్తే చాలామంది సంతోషంగా పంపిస్తారు.

వెతికేటప్పుడు వేరుశనగ అని కాకుండా శాస్త్రీయ నామం వెయ్యాలి, ఎందుకంటే థీసిస్‌ల పేర్లు అలాగే ఉంటాయి. వేరుశనగ అంటే అరాకిస్ హైపోజియా, కంది అంటే కజానస్ కజాన్, తిక్క తెగులుని వాళ్ళు ఎర్లీ లీఫ్ స్పాట్, లేట్ లీఫ్ స్పాట్ అని రెండుగా రాస్తారు. రకం పేరుతో వెతికితే ఇంకా మంచిది, కదిరి 6 అనో, అనంతపురం వైపు పేరొచ్చిన ఐసీజీవీ 91114 అనో వెయ్యమను.

దొరికాక చివరి పేజీలో ఉన్న మందు పేరు చూసి పరిగెత్తొద్దు అన్నా. మధ్యలో మెటీరియల్స్ అండ్ మెథడ్స్ అని చాప్టర్ ఉంటుంది, ఆ ప్రయోగం ఏ ఊళ్ళో చేశారు, నల్లరేగడా ఎర్రనేలా, ఆ ఏడు ఎన్ని మిల్లీమీటర్ల వాన పడింది, బోరు నీళ్ళు పెట్టారా, ఖరీఫా రబీనా, ఇవన్నీ అందులో ఉంటాయి. తిరుపతిలో నీళ్ళు పెట్టి రెండు సీజన్లు చేసిన ప్రయోగం ఆలూరు మెట్టలో అలాగే పనిచెయ్యాలని లేదు. ఆ పేజీలు ప్రింట్ తీసి మీకు దగ్గర్లో ఉన్న కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి అడుగు. చేతిలో కాగితం పెట్టుకుని అడిగే రైతుకి జవాబు చెప్పే తీరే వేరుగా ఉంటుంది.

మేడం, రాజమండ్రిలో డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌ని. ప్రమోషన్‌కి పేపర్లు కావాలి. ఓపెన్ యాక్సెస్ జర్నల్ అంటూ రోజుకి రెండు మెయిళ్ళు వస్తున్నాయి, ఏడు రోజుల్లో పబ్లిష్ చేస్తాం, ఇంత కట్టండి అని. ఓపెన్ యాక్సెస్ అంటే మనం డబ్బు కట్టి వేయించుకోవడమేనా?

కానే కాదు తల్లీ, ఆ మెయిళ్ళ వల్లే మంచి మాటకి చెడ్డ పేరొచ్చింది. ఏడు రోజుల్లో సరిగ్గా రివ్యూ చెయ్యడం ఎవరి వల్లా కాదు, అది జర్నల్ కాదు దుకాణం. అందులో వేస్తే నీ డబ్బూ పోతుంది, నీ మంచి పనీ పోతుంది, రేపు ఇంకెక్కడా వెయ్యలేవు. యూజీసీ మంచి జర్నల్స్‌కి వేసిన కేర్ లిస్టు చూసుకుని వెయ్యండి అనేవాళ్ళం, 2025 లో దాన్ని కూడా తీసేశారు, ఇప్పుడు ఆ జాగ్రత్త మన మీదే పడింది.

పేపర్ అందరికీ దొరికేలా చెయ్యడానికి దారులు మూడున్నాయి. జర్నల్‌కి రచయితే డబ్బు కట్టి తెరిపించడం ఒకటి, దాన్ని గోల్డ్ అంటారు, పెద్ద పబ్లిషర్ల దగ్గర అది వేల డాలర్ల దాకా పోతుంది, మన కాలేజీ జీతాలకి అయ్యే పని కాదు. రెండోది డైమండ్, రచయితా కట్టడు, పాఠకుడూ కట్టడు, ఏదో ఒక సంస్థ భరిస్తుంది. మన బెంగళూరులో సర్ సీవీ రామన్ 1934 లో పెట్టిన ఇండియన్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్ ఎన్నో ఏళ్ళుగా తన జర్నల్స్‌ని రచయిత దగ్గర డబ్బు అడక్కుండా తన సైట్‌లో చదువుకోనిస్తోంది.

మూడోది గ్రీన్, నీకు పనికొచ్చేది ఇదే. ఒక పేపర్‌కి మూడు రూపాలుంటాయి, నువ్వు మొదట పంపిన డ్రాఫ్టు, రివ్యూ అయ్యాక దిద్ది ఫైనల్ చేసిన నీ వర్డ్ ఫైలు, పబ్లిషర్ డిజైన్ చేసి లోగో వేసిన పీడీఎఫ్. మూడోది పెట్టుకోనివ్వరు గానీ రెండోదాన్ని, కొన్నాళ్ళు ఆగాకైనా, యూనివర్సిటీ రిపాజిటరీలో పెట్టుకోడానికి చాలా జర్నల్స్ ఒప్పుకుంటాయి. ఏ జర్నల్ దేనికి ఒప్పుకుంటుందో షెర్పా రోమియో అనే సర్వీసులో కనపడుతుంది, ఇప్పుడు దాని పేరు ఓపెన్ పాలసీ ఫైండర్ అని మార్చారు. ఆ వర్డ్ ఫైలు పేపర్ వచ్చాక డిలీట్ చేస్తారు అందరూ, దయచేసి దాచుకో.

ఇది కొత్త సంగతి కూడా కాదు. ఫిజిక్స్ వాళ్ళు 1991 నుంచే ఆర్కైవ్ (arXiv) అనే సైట్‌లో ప్రీప్రింట్లు, అంటే జర్నల్‌లో రాకముందు డ్రాఫ్టులు, పెట్టుకుంటున్నారు. 2002 లో బుడాపెస్ట్ ప్రకటనతో ఓపెన్ యాక్సెస్ అన్న మాట ఊపందుకుంది, ఆ ఏడాదే బెంగళూరు ఐఐఎస్సీ మన దేశంలో మొదటి రిపాజిటరీ మొదలుపెట్టింది. 2008 ఫిబ్రవరిలో హార్వర్డ్‌లో ఆర్ట్స్ అండ్ సైన్సెస్ అధ్యాపకులు వాళ్ళంతట వాళ్ళే ఓటేసి మా పేపర్లు అందరికీ పెట్టే హక్కు యూనివర్సిటీకి ఇస్తున్నాం అన్నారు, పైనుంచి ఎవరూ ఆర్డరు వెయ్యలేదు, నాకు ఆ పద్ధతి చాలా నచ్చుతుంది. మన దగ్గర ఐఐటీ హైదరాబాద్‌కి సొంత రిపాజిటరీ ఉంది, అందులో ఇంజనీరింగ్ పక్కనే లిబరల్ ఆర్ట్స్, డిజైన్ వాళ్ళ పని కూడా ఉంటుంది. ఖర్చా అంటే, శోధగంగ నడిచే డీస్పేస్ సాఫ్ట్‌వేర్‌ని 2002 లో ఎంఐటీ, హెచ్‌పీ కలిసి తయారుచేసి ఫ్రీగా వదిలేశాయి. ఒక సర్వరు, పని తెలిసిన ఒక లైబ్రేరియన్, బ్యాకప్ తీసే అలవాటు ఉంటే చాలు. బ్యాకప్ అని ఎందుకన్నానంటే, నేను ఉద్యోగంలో ఉండగా థీసిస్‌తో పాటు సీడీ ఇమ్మన్నారు, సీడీలన్నీ అట్ట వెనక కవర్లో పెట్టాం, పదేళ్ళ తర్వాత కొత్త కంప్యూటర్లో పెట్టి చూస్తే సగానికి పైగా తెరుచుకోలేదు.

మీ కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉందో అక్కడి లైబ్రేరియన్‌కి రిపాజిటరీ ఉందా, మా అఫిలియేటెడ్ కాలేజీ వాళ్ళని పెట్టుకోనిస్తారా అని ఒక లెటర్ రాయి. అడిగేవాళ్ళు లేకే చాలాచోట్ల మొదలవ్వలేదు.

వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా, గవర్నమెంటే అన్ని జర్నల్స్ కొనిపెట్టింది. ఇంకా ఈ ఓపెన్ యాక్సెస్ గొడవ దేనికి? – హైదరాబాద్ నుంచి ఒక విద్యార్థి తండ్రి

మంచి పనే అండీ, కాదనను. 2024 నవంబర్‌లో క్యాబినెట్ ఒప్పుకుంది, మూడేళ్ళకి 6,000 కోట్లు, 30 మంది పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్, 6,300 పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలు. చిన్న ఊళ్ళో గవర్నమెంట్ కాలేజీ పిల్లలు కూడా పెద్ద జర్నల్స్ తెరవగలుగుతారు, అది చిన్న విషయం కాదు. కానీ పై ఉత్తరాలే చూడండి, మచిలీపట్నం మాస్టారు రిటైరయ్యారు, ఆలూరు రైతు ఏ కాలేజీలోనూ లేడు, ప్రైవేటు కాలేజీ పిల్లలు, సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న డాక్టరు, వీళ్ళెవరూ ఆ లిస్టులో లేరు. పైగా అది అద్దె, మూడేళ్ళయ్యాక మళ్ళీ బేరం. హార్వర్డ్ అంత డబ్బున్న యూనివర్సిటీయే 2012 లో జర్నల్స్‌కి ఏటా 37 లక్షల 50 వేల డాలర్ల దాకా అవుతోంది, ఇలా అయితే నెట్టుకురాలేం అని తమ అధ్యాపకులకి లెటర్ రాసింది. అద్దె కడుతూనే సొంతిల్లు కట్టుకోవాలి, మన పరిశోధన మన రిపాజిటరీల్లో ఉండటమే ఆ సొంతిల్లు.

అమ్మా, మాది పాడేరు అవతల కొండ మీద ఊరు. నా చిన్నప్పుడు యూనివర్సిటీ నుంచి ఒకాయన వచ్చి మా అవ్వ దగ్గర కూర్చుని పాటలు టేపులో పట్టుకున్నాడు, మందు చెట్ల పేర్లు కూడా రాసుకున్నాడు. మళ్ళీ రాలేదు. అవ్వ పోయి పదేళ్ళు దాటింది. ఆ పుస్తకం మేం చూడలేదు. అవ్వ గొంతు మళ్ళీ వినాలని ఉంది, దొరుకుద్దా? మందు చెట్ల సంగతులు అందరికీ నెట్లో పెడితే మాకు మంచిదేనా?

నీ ఉత్తరం రెండు రోజులు నా టేబుల్ మీదే ఉంది నాయనా, వెంటనే రాయలేకపోయా.

మందు చెట్ల సంగతి ముందు చెప్తా. రాసిపెట్టి ఉండటం వల్ల ఒక మేలుంది. 1995 లో అమెరికాలో పసుపుతో గాయాలు మానతాయని ఒక పేటెంట్ ఇచ్చేశారు, మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్‌ఐఆర్ వాళ్ళు ఇది మా ఇళ్ళల్లో ఎప్పట్నుంచో ఉందని పాత పుస్తకాలు, పేపర్లు చూపించి పోరాడితే 1997 లో దాన్ని కొట్టేశారు. కాగితం మీద ఉండబట్టే అది కుదిరింది. కానీ మీ కొండ మీద ఏ చెట్టు ఏ చోట ఉంది, దేనికి వాడతారు అన్నది మొత్తం మీకు చెప్పకుండా నెట్లో పెట్టేస్తే వ్యాపారులు మూటలు పట్టుకుని వస్తారు, వేళ్ళతో సహా పీక్కుపోతారు, ఆ భయం నిజమైనదే. 2002 జీవవైవిధ్య చట్టంలో ఇలాంటి జ్ఞానం వాడుకుని లాభం తీసేవాళ్ళు దాన్ని కాపాడినవాళ్ళకి వాటా ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది, పంచాయతీ స్థాయిలో కమిటీ కూడా ఉండాలి. నేను అన్నీ తెరవాలి అనే మనిషినే, కానీ ఇక్కడ మాత్రం ఏది తెరవాలో ఏది ఊళ్ళోనే ఉంచాలో చెప్పాల్సింది మీరు. చెట్టు పేరు, వాడకం ఉంచి, దొరికే చోటు మాత్రం తీసెయ్యమని మీరు యూనివర్సిటీని అడగొచ్చు, గ్రామసభ తీర్మానం జత చేస్తే ఆ మాటకి బలం ఉంటుంది.

ఇక అవ్వ గొంతు. పుస్తకం దొరికే అవకాశం ఉంది, టేపే కష్టం. పుస్తకం లైబ్రరీకి ఇస్తారు గానీ టేపులు పరిశోధకుడి ఇంట్లోనే ఉండిపోతాయి, ఏ లైబ్రరీ అయినా టేపులు కూడా ఇవ్వమని అడిగిన సందర్భం నాకు తెలిసి చాలా తక్కువ, మేమూ అడగలేదు, ఆ తప్పులో నాకూ భాగం ఉంది. శోధగంగలో విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ కింద ఆంత్రోపాలజీ, తెలుగు డిపార్ట్‌మెంట్లు తెరిచి మీ తెగ పేరు, పాడేరు, అరకు, ఏజెన్సీ అన్న మాటలున్న థీసిస్‌లు చూడు. దొరికితే మొదట కృతజ్ఞతల పేజీ చదువు, పాటలు చెప్పినవాళ్ళ పేర్లు అక్కడో, చివర అనుబంధంలోనో వేస్తారు, పేరు, వయసు, ఊరు. పాటల మాటలు కూడా అనుబంధంలోనే ఉంటాయి. అవ్వ పేరు కనపడితే ఆ పేజీ నంబరు రాసుకో. ఆయన ఎవరో తెలిశాక డిపార్ట్‌మెంట్‌కి లెటర్ రాస్తే ఆయన రిటైరైపోయినా ఇంటివాళ్ళ దాకా కబురు వెళ్తుంది. ఒకవేళ క్యాసెట్ దొరికితే సంతోషంలో వెంటనే పాత టేప్ రికార్డర్లో వేసెయ్యొద్దు, బూజు పట్టిన రీలు ఒక్కసారి తెగితే మళ్ళీ రాదు, ముందు తెలిసినవాళ్ళ చేత శుభ్రం చేయించి కంప్యూటర్‌లోకి ఎక్కించాలి.

నెట్లో లేకపోతే యూనివర్సిటీ లైబ్రరీలో బైండు కాపీ ఉండొచ్చు, దానికి కార్డులు తిరగెయ్యాలి. అవ్వ పేరు, మీ ఊరి పేరు, ఆయన వచ్చినప్పుడు నీకు ఎన్నేళ్ళో, తెలుగు పాటలా మీ భాషవా, ఇంకా ఎవరెవరి దగ్గర రాసుకున్నాడో, గుర్తున్నవన్నీ ఒక కాగితం మీద రాసి పత్రిక అడ్రస్‌కి పంపు. వచ్చే నెల రెండో వారంలో నేను విశాఖ వెళ్తున్నా, ఒక రోజు దానికోసమే ఉంచుకున్నా.